కాదంటే చెవి

నాలుగింటికి డాక్టరు వరదరాజన్ వస్తాడు. వచ్చి కూతుర్ని అడగడట, తల్లినే అడుగుతాడట. తలకాయ ఆమెది, దాన్ని కోయాలో వద్దో ఆమె నోటితోనే వినాలి, ఆ తర్వాతే నీ సంతకం అని పొద్దున ఖండితంగా చెప్పి వెళ్ళాడు. ఆ నోట్లో మిగిలింది ఒకటే మాట సార్ అని ముత్తుసెల్వి అనబోయి మింగేసింది. వార్డు గోడ గడియారంలో ఇప్పుడు మూడు దాటి అయిదు నిమిషాలు. మంచం మీద పచ్చయమ్మాళ్ కళ్ళు తెరుచుకునే ఉంది, కిటికీలోంచి కనబడే నీళ్ళ ట్యాంకు వైపు చూస్తోంది. కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉంది. ఎడమ చెయ్యి మాత్రం మంచం కమ్మీని కొడుతోంది, టక్, టక్, కాస్త ఆగి మళ్ళీ టక్. ఎన్ని చింతకాయలు కొట్టిందో ఆ తల్లి, పెన్నాగరం చింతపండు మండీల వెనక షెడ్లలో, ఇంటి వాకిట్లో, ఒక చేత్తో కాయ తిప్పి పెట్టడం, ఒక చేత్తో కడ్డీతో కొట్టడం, పెంకు ఒక పక్క, గింజ ఒక పక్క, పండు ఒక పక్క. కడ్డీ పట్టింది ఎప్పుడూ కుడి చెయ్యే, అది పడిపోయేసరికి దాని పనీ ఎడమదే నెత్తిన వేసుకున్నట్టుంది. పక్క మంచం ముసలామె మొదట్లో ఈ చప్పుడుకు విసుక్కునేది, ఇప్పుడు చప్పుడు ఆగితేనే తల తిప్పి చూస్తోంది.

ఆ ఒక్క మాట ఏమిటంటే, కాదు. నీళ్ళు తాగుతావా అంటే కాదు, తాగుతూ కూడా కాదు. కాళ్ళు పట్టనా అంటే కాదు, ఫ్యాను ఆపనా అంటే కాదు. నర్సు పంచవర్ణం సూది తెచ్చినా అదే మాట, సూది తీసినా అదే మాట. పంచవర్ణం మంచిదే, నోరు కాస్త పెద్దది, వార్డంతా వినబడేలా, పాపం ఈ అమ్మకు చెవి బాధ ఎప్పటికి తీరుతుందో అంటుంది. తమిళంలో కాదు అంటే చెవి. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో కాదు అంటే కాదే. అవే రెండు అక్షరాలు, అదే పలుకు, వినే మనిషిని బట్టి అర్థం మారిపోతుంది. మూడు వారాలుగా పంచవర్ణం చెవి అనే అనుకుంటోంది, రోజూ దూది తెచ్చి ఆ చెవులు రెండూ శుభ్రంగా తుడిచి పోతోంది, ముత్తుసెల్వి పక్కన నిలబడి చూస్తూనే ఉంది. సిస్టర్, అది చెవి కాదు, మేం తెలుగువాళ్ళం అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళొచ్చాయి, పెళ్ళయింది, బస్టాండు పక్కన బట్టల కొట్లో బిల్లు వేసే సీటులో కూర్చుని నలుగురి మీద పెత్తనం చేస్తుంది, ఇంకా ఎవరికి భయపడుతోంది? ఈ పేషెంట్లకా, వాళ్ళకు అన్నం తెచ్చే చుట్టాలకా? ఛీ, ఏం బతుకు అనిపించింది. అనిపించినా నోరు విప్పలేదు, విప్పినా తమిళమే వచ్చింది, తల్లిని నీళ్ళు కావాలా అని అడిగింది కూడా ఈ మూడు వారాలూ తమిళంలోనే.

ఎడమ పక్క, మెదడులో, పెద్ద ఉసిరికాయంత గడ్డ అని డాక్టరు ఫిల్ము మీద వేలు పెట్టి చూపించాడు. మాట పుట్టేచోటే కూర్చుందమ్మా. తీసేస్తే ఒక ఏడాది, అదృష్టం బాగుంటే ఇంకొన్నాళ్ళు, కాని తీసేటప్పుడు ఉన్న ఆ కాస్త మాటా పోవచ్చు. తీయకపోతే ఆడి మాసం దాకా కష్టం. ఆడి పద్దెనిమిది పండుగకు ప్రతి ఏడూ హొగేనకల్ పోయి కావేరిలో తల ముంచకుండా ఉండలేని మనిషి పచ్చయమ్మాళ్, పోయినేడు కూడా జనంలో పడి తోసుకుంటూ పోయి మునిగి, తడి చీరతోనే బస్సెక్కి, కండక్టరు తిడితే నవ్వింది. ఇప్పుడు పంగుని నెల, ఆడికి మధ్యలో మూడు నెలలే. వేళ్ళు మడిచి లెక్కపెట్టాల్సినంత దూరం కూడా లేదు. వాపు తగ్గే సూది మూడు రోజులుగా పడుతోంది, ఒకటో రెండో మాటలు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఆశ పెట్టుకోవద్దు అన్నాడు డాక్టరు. ఆశ పెట్టుకోవద్దని చెప్పడానికి ఎవరికైనా నోరెలా వస్తుందో.

ఆ నోటి మాటలన్నీ ఒక్కసారిగా పోలేదు. ముందు తమిళం పోయింది. ఇది తెలిసింది మాత్రం మొన్నమొన్న, ఇదే స్టూలు మీద కూర్చుని వెనక్కి వెనక్కి పోయి తవ్వుకుంటుంటే తెలిసింది. దీపావళి ముందు వారం, కొట్లో ఇసుక వేస్తే రాలనంత జనం, చీరల కుప్పల మధ్య ఫోను మోగింది, తల్లి. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, బిల్లు కొడుతూనే, తమిళంలో అడిగింది ముత్తుసెల్వి, ఏమ్మా, ఇంకా తలనొప్పేనా, ఎండలో తిరిగావా, నీరసమా. అవతల నుంచి చాలాసేపు ఊపిరి చప్పుడే. తర్వాత, "కాదు పాపా. కాదు... కాదు." అంతే. చెవా, చెవి నొప్పా, ఆ సంగతి ముందే చెప్పచ్చు కదా, మందు పంపిస్తానులే అని ఫోను పెట్టేసింది. అయ్యో, ఆ రోజు ఒక్క క్షణం ఆగి ఉంటే! పందొమ్మిది ఏళ్ళుగా తనతో తమిళం తప్ప ఇంకో ముక్క మాట్లాడని తల్లి, కాదు అని తెలుగులో అంటోందంటే, ఏదో జరిగిందని ఆ మాటే చెబుతోంది. ఎండ కాదు పాపా, నీరసం కాదు, ఇంకేదో. ఆ ఇంకేదో చెప్పడానికి తమిళం దొరకలేదు, తెలుగులో చెబుదామంటే కూతురు ఒప్పుకోదు. దొరికిన ఒక్క ముక్క మాత్రం జారింది. కూతురు దాన్ని పట్టుకుని మందుల షాపుకు పోయింది.

చెవిలో చుక్కల మందు. మారిముత్తు, ముత్తుసెల్వి మొగుడు, పెన్నాగరం రూటులో మినీ వ్యాను తోలుతాడు కాబట్టి అతనే తీసుకెళ్ళి ఇచ్చాడు, పూటకు మూడు చుక్కలు అత్తా అని చేసి చూపించి మరీ వచ్చాడు. పాపం, వేసుకుంది. రెండు నెలలు వేసుకుంది. తగ్గకపోతే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ముత్తుసెల్వే, ఆయన లైటు పెట్టి చూస్తూ చెవా అనడానికి తమిళంలో కాదా అని అడిగాడు. తల్లి ఆయన ముఖం చూసి, కూతురి ముఖం చూసి, కాదు అంది. ఆయన తల ఊపి గుబిలి తీశాడు. ఇంకో సీసా రాసిచ్చాడు. ఆయన తప్పేముంది, ఆయనకు తెలుగు తెలియదు. పక్కన నిలబడ్డది కదా తెలుగు కడుపున పుట్టింది! బస్సులో తిరిగి వస్తుంటే తల్లి కూతురి భుజం మీద తల ఆనించి, ఒక చెయ్యి తన తల మీద పెట్టుకుని, మళ్ళీ అదే మాట మెల్లగా అంది. ఉండమ్మా, మందు పని చేయాలి కదా అని కసిరింది కూతురు. చెవిలో నాలుగు నెలలు మందు పోసింది గాని ఆ మాట ఒక్కసారి చెవిన పెట్టలేదు. తర్వాత ఒక రోజు మండీలో కడ్డీ చేతిలోంచి జారిపోయిందనీ, ఎవరు ఎత్తిచ్చినా మళ్ళీ జారిపోతోందనీ కబురొచ్చింది.

గడియారంలో మూడున్నర. టక్, టక్.

ఎందుకు ఒప్పుకోదు కూతురు, ఏమంత పెద్ద నేరం చేసింది తెలుగు? ధర్మపురి హాస్టల్లో ఆరో తరగతిలో చేరిన కొత్త. శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర తల్లి నిలబడి, కొంగులో వేయించిన చింతగింజలు మూటగట్టుకుని, గొంతు చించుకుని పిలిచింది. "పాపా! దా మే, చింతగింజలు వేంచుకోని వచ్చినా! వేడిగా ఉండాయి, దా!" వరండాలో ఉన్న పిల్లలంతా పకపకా నవ్వారు. గొల్టి, గొల్టి అని, తెలుగువాళ్ళను ఎగతాళి చేసే ఆ మాట ఒకతి మొదలుపెడితే పది గొంతులు అందుకున్నాయి. ముత్తుసెల్వికి తల కొట్టేసినట్టయింది. తల్లిని గోడ వెనక్కి లాక్కెళ్ళి, ఏడుస్తూ, తమిళంలో, ఇంక నాతో మన మాట మాట్లాడొద్దు, మాట్లాడితే నేను రాను, నువ్వు నా అమ్మవి కాదని చెబుతాను అంది. పన్నెండేళ్ళ పిల్ల అన్న మాట అది, ఏ తల్లయినా ఒక చెంపదెబ్బ వేసి మరిచిపోయేది. పచ్చయమ్మాళ్ వేయలేదు, మరిచిపోనూ లేదు. సరి అంది. మరుసటి శనివారం గేటు దగ్గర తమిళంలో పిలిచింది, తప్పులతడక తమిళం, ఎక్కడ ఏది తగిలించాలో తెలియక ఆగి ఆగి మాట్లాడే తమిళం. మొగుడితో, ఇరుగుపొరుగుతో తెలుగు. కూతురు గడపలో కాలు పెట్టిందంటే తమిళం. మొగుడు పోయిన రోజు కూడా శవం మీద పడి తెలుగులో ఏడుస్తూ ఉన్న మనిషి, కూతురు లోపలికి వస్తూనే ఆ ఏడుపు ఆపి, తమిళంలో మొదలుపెట్టింది. అది చూసి కూడా ముత్తుసెల్వి ఏమీ అనలేదు. అప్పుడన్నా అనాల్సింది.

అంతకు ముందు, హాస్టలుకూ గొల్టికీ ముందు, ఆ మాటలు ఎంత తియ్యగా ఉండేవి. నాలుగేళ్ళో అయిదేళ్ళో ఉంటాయి, సంగటి తినమంటే పక్కకు తోసేసి, సంగటి కాదు అంది తను. పచ్చయమ్మాళ్ నవ్వీ నవ్వీ కూలబడింది. "సంగటి కాదా? మల్ల ఇదేంది, బురదా? తినేకి ఇష్టం లేకపోతే వద్దు అనాల పాపా. కాదు అంటే అట్ల లేదని. వద్దు అంటే నాకు అక్కర్లేదని. రెండూ ఒకటే అయితే మనకు రెండు మాటలు ఎందుకుండాయి?" ఆ తర్వాత రోజంతా అదే ఆట. ఇది పిల్లా? కాదు, కుక్క. కుక్క కావాలా? వద్దు, కరుస్తాది. చింతపండు ముద్దలు చుడుతూ తల్లి అడుగుతుంటే, మధ్యలో ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పళ్ళు పులిసి మొహం ముడుచుకుంటూ తను జవాబులు చెప్పేది. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ, సరిగ్గా చెబితే ఇంకో ముద్ద. ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుంది ఇదంతా? ఇప్పుడు ఈ డెట్టాలు వాసనలో, ఈ ఇనుప స్టూలు మీద, ఎవరు పిలిచారని వచ్చింది?

ఫోను వణికింది. మారిముత్తు. వ్యాను ఎక్కడో ఆపి మాట్లాడుతున్నాడు, వెనక హారన్లు. "డాక్టరు వచ్చాడా? రాగానే సరే అంటోంది అని చెప్పేయ్. ఆమె ఏమన్నా కానీ." అదేంటి, ఆమె చెప్పాలి కదా అంది ముత్తుసెల్వి. "పిచ్చిదానా, ఆ వార్డులో తెలుగు ఎవరికి తెలుసు? నువ్వు ఏది చెబితే అదే ఆమె మాట. ఏడాదంటే ఏడాది ఉంటుంది కదా. నా చేత్తో చెవి మందు ఇచ్చి వచ్చాను నేను, ఆమె నా ముఖం చూసి నవ్వింది కూడా. ఏడాదన్నా ఉండనీ." సరేలే, బండి జాగ్రత్త అని పెట్టేసింది. అతను దుర్మార్గుడు కాదు, అత్త చేతి చింతాకు పప్పు తిని అమ్మను మరిచిపోయానని చెప్పుకునే మనిషి. పైగా అతను చెప్పింది తన మనసులో పొద్దుటినుంచీ నానుతున్న మాటే. ఏడాది. ఏడాదిలో ఎన్ని ఆదివారాలు. ఏడాదిలో ఎంత తెలుగు మాట్లాడొచ్చు. మాట ఉంటే.

మూడూ నలభై. పంచవర్ణం అవతలి చివర చార్టులు రాసుకుంటోంది. పక్క మంచం ముసలామె కునుకు తీస్తోంది. ముత్తుసెల్వి స్టూలు దగ్గరికి లాక్కుని, తల్లి చెవి దగ్గర, నాలుగు నెలలు మందు పోసిన చెవి దగ్గర, నోరు పెట్టింది. ఏదో అందామని నోరు తెరిస్తే నాలుక మడత పడింది. అమ్మా అనే మాట రెండు భాషల్లో ఒకటే, అది సులువు. దాని తర్వాతి మాట కోసం పందొమ్మిది ఏళ్ళ వెనక్కి పోవాల్సి వచ్చింది.

"అమ్మా. నేను... నేను ఆ పొద్దు అట్ల అన్నాను గదా. గేటు కాడ." చాలా మెల్లగా అంది, తనకే సరిగ్గా వినపడలేదు. "నామీద కోపమా?"

పచ్చయమ్మాళ్ కళ్ళు నీళ్ళ ట్యాంకు మీంచి తిరిగి వచ్చాయి. కూతురి ముఖం మీద నిలిచాయి. "కాదు," అంది.

ముత్తుసెల్వికి ఏడుపొచ్చింది, వెంటనే దాని వెనకే అనుమానం కూడా వచ్చింది. కాదు. కోపం కాదు. ఎంత చల్లటి మాట! కాని నీళ్ళకూ కాదే, సూదికీ కాదే, ఫ్యానుకూ కాదే. ఆ కమ్మీ మీద టక్ టక్ లాంటిదేనేమో ఇది కూడా, పాత అలవాటు కొద్దీ నోరు కొట్టుకునే చప్పుడేమో. పరీక్ష పెట్టి చూడొచ్చు, ఎంతసేపు. అమ్మా, ఇది ఆసుపత్రేనా అని అడిగితే చాలు. దానికీ కాదు అంటే? అప్పుడు ఇందాకటి కాదు కూడా పోతుంది, ఇంక ఎవరి దగ్గరికి పోయి తెచ్చుకోవాలి దాన్ని? అడగలేదు. తల్లి చెయ్యి పట్టుకుని, పనికిరాని ఆ కుడి చేతినే పట్టుకుని, వేళ్ళ మధ్య ఎన్ని నెలలైనా పోని చింతపండు నలుపును బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది.

డాక్టరు వరదరాజన్ నాలుగుకు రెండు నిమిషాల ముందే వచ్చాడు. పొట్టి మనిషి, అలసిపోయిన కళ్ళు, వంగి తల్లి ముఖంలో ముఖం పెట్టి నిదానంగా తమిళంలో అడిగాడు, అమ్మా, ఆపరేషన్ చేయనా? పచ్చయమ్మాళ్ ఆయన పెదవుల వైపు చూసింది. "కాదు," అంది. వెనక నుంచి పంచవర్ణం అందుకుంది, చెవి సార్, ఈ అమ్మకు ఎప్పుడు చూడు ఆ చెవి గోలే. డాక్టరు మెడలో గొట్టం సర్దుకుని చెవి వైపు వంగాడు.

"చెవి కాదు సార్," అంది ముత్తుసెల్వి. తమిళంలోనే అంది, కాని గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది, వార్డంతా తిరిగి చూసింది. "మేం తెలుగువాళ్ళం. ఇంట్లో మా మాట తెలుగు. అమ్మకు తమిళం పోయింది, మీరు అడిగింది అందడం లేదు. నేను అడుగుతాను." పంచవర్ణం చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా ఇప్పుడు ఏం?

తల్లి వైపు తిరిగింది. ఈసారి చెవిలో కాదు, ఎదురుగా, అందరికీ వినబడేలా. "అమ్మా, నీ తలకాయలో గడ్డ ఉండాది. డాక్టరు కోసి తీస్తానంటాడు. తీస్తే ఏడాది ఉంటావంట. తీసేటప్పుడు నీ మాట పోవచ్చునంట, మొత్తం. తీయకపోతే... ఆడి దాకా కూడా కష్టమంట." "చేయమందామా మా?"

కమ్మీ మీద చప్పుడు ఆగిపోయింది. పక్క మంచం ముసలామె కళ్ళు తెరిచి తల తిప్పింది. పచ్చయమ్మాళ్ కూతురి వైపే చూస్తోంది, పెదవులు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి, మెడ నరం బిగిసింది, పళ్ళ వెనక ఏదో మాట అడ్డం తిరిగి, సర్దుకుని, బయటికొచ్చింది.

"వద్దు."

ముత్తుసెల్వి ఇంకా దగ్గరికి వంగింది.

"వద్దు పాపా," అంది తల్లి, ఎడమ చెయ్యి ఎత్తి, సంగటి గిన్నె పక్కకు జరిపినట్టు గాలిని కొంచెం పక్కకు జరిపింది.

ఏమన్నారు, అని డాక్టరు అడిగాడు. పంచవర్ణం చూస్తోంది, ముసలామె చూస్తోంది, ఈ గదిలో ఆ మాట అర్థమైంది ఇద్దరికే, అన్న మనిషికీ విన్న మనిషికీ. మారిముత్తు చెప్పింది నిజమే, తను ఏది చెబితే అదే అమ్మ మాట. సరే అంటోంది అనొచ్చు. ఏదో గొణిగింది సార్, అర్థం లేదు అనొచ్చు. అంటే ఏడాది వస్తుంది. కాని అది అర్థం లేని చప్పుడైతే ఇందాకటిది కూడా చప్పుడే. కోపమా అంటే కాదు అంది, చేయమందామా అంటే వద్దు అంది, ఏ చోట ఏది అనాలో ఆనాడు నేర్పిన మనిషి ఈనాడు సరిగ్గా అలాగే అంది. ఒకటి నమ్మి ఒకటి పారేయడానికి లేదు. నమ్మితే రెండూ నమ్మాలి. అమ్మకు నామీద కోపం లేదు, అమ్మ పోతుంది. ఈ రెండూ ఒకే గంటలో, ఒకే నోటినుంచి వచ్చాయి, ఆ నోటికి తమిళం నేర్పి మూయించింది తను.

"వద్దంటోంది సార్," అంది ముత్తుసెల్వి. తమిళంలో అంది. "ఆపరేషన్ వద్దంటోంది."

డాక్టరు తల్లి వైపు ఒకసారి చూసి కూతురి వైపు తిరిగాడు. ఒక్కటే మాట కదమ్మా, బాగా ఆలోచించు, పొరపాటు పడలేదు కదా అన్నాడు.

టక్, అని మళ్ళీ మొదలైంది కమ్మీ మీద. టక్, టక్.

"లేదు సార్," అంది. "ఈసారి సరిగ్గానే విన్నాను."